నాగవేణి దగ్గు

"తువ్వాలు కట్టుకున్నావా?" అని గంగాధరం హాల్లోంచి అడిగేటప్పటికి నాగవేణి చట్నీకి తిరగమోత పెడుతోంది. కట్టుకునే ఉంది. ముక్కు మీంచి నోటిని కప్పి మెడ వెనక ముడేసిన ఆ తువ్వాలు ఊపిరికి లోపల తడిసి, ఎండుమిరపకాయల ఘాటునంతా తనలో దాచుకుని కూర్చుంది. నోరు తెరిచి జవాబు చెబితే దగ్గొస్తుంది. చెప్పకపోతే ఆయన లేచొచ్చి తొంగి చూస్తాడు. గరిటెతో మూకుడు అంచు మీద టంగుమని కొట్టింది. కట్టుకున్నానని అర్థం. ఈమధ్య ఆ ఇంట్లో ఆమె మాటలన్నీ గిన్నెల మీదే నడుస్తున్నాయి.

ఆమె కంచం వేరు. గ్లాసు వేరు. మిగతావాటితో కలిసిపోకుండా వాటి అడుగున అత్త వరలక్ష్మమ్మ ఎర్రటి గోళ్ళరంగు చుక్క పెట్టింది. పడక ముందుగదిలో, చెప్పులు విడిచే చోటికి పక్కనే. దేవుడి గది గడప దాటకూడదు, భర్త మంచం ఎక్కకూడదు, పాతికేళ్ళుగా మధ్యాహ్నాలు తనే కూర్చుని అమ్మిన స్టీలు సామాన్ల అంగడికి రాకూడదు. "నువ్వు దగ్గుతా ఉంటే బేరం పోతాదే" అన్నాడు గంగాధరం. ఇన్ని కూడదుల మధ్య, వంట చేయకూడదన్న మాట మాత్రం ఎవరికీ తోచలేదు. "టీబీ గీబీ అయితే ఏం గతి, ఇంటికంతా తగులుకుంటాది" అని అత్త అన్నరోజు నాగవేణి సిగ్గు విడిచి ఒక్క క్షణం సంతోషపడింది. పొయ్యి దగ్గరికి రావద్దంటారేమో, కొన్నాళ్ళు నడుం వాలుస్తానేమో అనుకుంది. అత్త లోపలికి వెళ్ళి తువ్వాలు తెచ్చి చేతికిచ్చింది. దగ్గేది నోరే గానీ చేతులు కాదు కదా.

దగ్గు మొదలై ఏడాది దాటింది. కఫం లేదు, జ్వరం లేదు. గొంతులో ఎవరో కోడి ఈకతో గీరినట్టు మొదలై, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా ఆగదు. పడుకుంటే మరీ ఎక్కువ. దగ్గి దగ్గి పక్కటెముకలు నొప్పి పెట్టేవి. అదైనా చెప్పుకోవచ్చు, దగ్గు తెర వచ్చినప్పుడల్లా చీర తడిసిపోయే సంగతి ఎవరికి చెప్పుకుంటుంది? బాత్‌రూములో ఒక పాత లంగా గుడ్డ దాచుకుని, అందరూ టీవీ చూసేటప్పుడు ఉతుక్కునేది. తలా ఒక కారణం చెప్పారు. చల్లనీళ్ళన్నారు, తడిజుట్టన్నారు, పెరుగన్నారు. "మనసులో ఏదో పెట్టుకోని దగ్గుతాది" అని అత్త పక్కింటి ఆమెతో చెప్పింది. మిరియాల కషాయం, శొంఠి, తాటిబెల్లం, తమలపాకు రసం అన్నీ అయ్యాయి. మందుల షాపులో గంగాధరం తెచ్చిన సిరప్పు తాగితే మత్తు వచ్చి ఒకసారి అన్నం మాడింది. ఆ మాడిన అన్నం గురించి ఇంట్లో జరిగినంత చర్చ దగ్గు గురించి ఎన్నడూ జరగలేదు.

వీటన్నిటినీ ఆమె మింగింది. మింగలేనిది ఒక్కటే. కూతురు హేమశ్రీకి తొలికాన్పు. తొలికాన్పంటే పుట్టింటిదే. సీమంతం అయినాక తీసుకొచ్చి, ఆకుకూరలూ నేతి అన్నమూ తన చేత్తో పెట్టాలనీ, పుట్టిన బిడ్డకు మొదటి స్నానం తన కాళ్ళ మీద పోయాలనీ అనుకుంది. "కాళాస్త్రి వాళ్ళు నీ దగ్గు ఇని భయపడినారు. పిల్లను పంపరంట. నిన్ను ఆడికి రావద్దన్నారు" అని గంగాధరం చెప్పాడు. కాన్పు అత్తారింట్లోనే జరిగింది. ఆడపిల్ల. మనవరాలి ముఖం నాగవేణి ఫోన్లోనే చూసింది. వియ్యపురాలికి ఒక్కసారి ఫోన్ చేసి అడుగుదామా అనుకుని, రావద్దన్న మనిషిని ఏమని అడగనని ఊరుకుంది.

ఆ ఉదయం చట్నీ గిన్నె బల్ల మీద పెడుతుంటే, బిడ్డను తొట్లలో వేసే సంగతి ఎత్తాడు గంగాధరం. "అమ్మా నేనూ పోయొస్తాంలే. నువ్వు ఇల్లు సూసుకో" అన్నాడు. దోసె తుంచుకుంటూ, చాలా మామూలుగా అన్నాడు.

ఆమె మధ్యాహ్నపు వంట కూడా చేసి, మూతలు పెట్టి, తాగిన సిరప్పు సీసాలన్నీ ఒక కవరులో వేసుకుని, "ఆస్పత్రికి పోతా ఉండానత్తా" అని చెప్పి బయటపడింది. ఒక్కతే డాక్టరు దగ్గరికి వెళ్ళడం పెళ్ళయ్యాక అదే మొదలు. టీబీ అంటారేమో, అంటే ఇక బిడ్డ ఫోన్లోనే పెరుగుతుంది అన్న భయం దారంతా వెంటే వచ్చింది.

ఛాతీ ఓపీ ముందు బెంచీల నిండా దగ్గేవాళ్ళే. అక్కడ ఆమె ఎంత దగ్గినా ఎవరూ తిరిగి చూడలేదు. ఏడాదిలో అది మొదటి హాయి. పక్కనున్న ముసలామె ఏమీ అడక్కుండా కొంగు ముడి విప్పి చిన్న కలకండ ముక్క తీసి అరచేతిలో పెట్టింది. "సప్పరించు మే, ఆగతాది" అంది. ఆ వేళ్ళు తన వేళ్ళకు తగిలినప్పుడు, తనను ఒక మనిషి తాకి ఎన్నాళ్ళయిందో గుర్తొచ్చి నాగవేణి తల తిప్పుకుంది.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఓపిగ్గా అడిగింది. రాత్రిళ్ళు చెమటలు పడతాయా, బరువు తగ్గారా, రక్తం పడిందా, పిల్లికూతలు వస్తాయా, గుండెల్లో మంటా పుల్లటి తేన్పులా, ముక్కు కారి గొంతులోకి దిగుతుందా, ఇంట్లో కట్టెల పొగా, ఎవరైనా సిగరెట్టు తాగుతారా. అన్నిటికీ లేదనే చెప్పింది. ఎక్స్‌రే తీయించుకుని వస్తే దాన్ని వెలుగుకు పట్టి చూసి, "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయమ్మా" అంది.

"టీబీ కాదా మేడం?"

"ఆ లక్షణాలేవీ లేవు. వేరే మందులు ఏమైనా వాడుతున్నారా?"

నాగవేణి సీసాల కవరు ముందుకు జరిపింది. "ఇవే మేడం."

"బీపీ, షుగరు?"

"బీపీకి ఏసుకుంటా. అది మందని కాదు, రోజూ ఏసుకునేదే." పర్సులోంచి సగానికి కత్తిరించిన మాత్రల షీటు తీసి ఇచ్చింది.

డాక్టరు దాన్ని తిప్పి పేరు చదివి, ఆమె వైపు చూసింది. "ఎప్పట్నుంచి?"

"ఏడాదిన్నర అవతాది."

"దగ్గు?"

"దాని తర్వాతే," అంటూ నాగవేణి షీటు వైపు చూసింది.

"ఎవరు రాసిచ్చారు?"

"మా ఆయనకు రాసిచ్చినారు."

"మీకు?"

తనకంటూ ఎవరూ రాయలేదు. హేమశ్రీ పెళ్ళి పనుల్లో తల తిరిగి పడితే, మందుల షాపులో చూసి బీపీ అన్నారు. డాక్టరు దగ్గరికి పోదామంటే గంగాధరం నవ్వాడు. "ఒక కొంపలో రెండు రకాల బీపీలుంటాయా? నాది నువ్వూ ఒకటేసుకో" అన్నాడు. నెలనెలా షీటు మధ్యకు కత్తిరించి సగం ఆయన తీసుకుని సగం ఆమెకిచ్చేవాడు. తనదాంట్లోంచి సగం తీసి ఇవ్వడం ఆ మనిషి అదే మొదలు. అది ప్రేమ అనుకుంది నాగవేణి. ఒక్కరోజు కూడా మానకుండా వేసుకుంది.

"ఈ రకం మాత్ర మంచిదే. కానీ కొంతమందికి ఇలా పొడిదగ్గు తెస్తుంది, ఆడవాళ్ళలో ఇంకొంచెం ఎక్కువ. ఆయనకు సరిపోయింది, మీకు పడలేదు" అంది డాక్టరు. "దీన్ని ఆపి, బీపీకి వేరేది రాస్తున్నాను. అది మానకండి. దగ్గు వెంటనే పోదు. కొందరికి వారాలు పడుతుంది, కొందరికి రెండు మూడు నెలలు. మనిషిని బట్టి. అప్పటికీ తగ్గకపోతే రండి, ఇంకేమైనా ఉందేమో చూద్దాం."

"ఇది అంటుకుంటాదా మేడం? చిన్నబిడ్డను ఎత్తుకోవచ్చునా?"

"మాత్ర తెచ్చిన దగ్గు ఎవరికి అంటుకుంటుందమ్మా? ఈరోజే ఎత్తుకోండి."

బస్టాండులో ఆమె కూతురి అత్తగారి ఊరు కాళాస్త్రికి బస్సు ఎక్కింది. ఎక్కాలని పెద్దగా ఆలోచించిందేమీ లేదు. బస్సు కదిలేదాకా, ఇంట్లో సాయంకాలం కాఫీ ఎవరు పెడతారన్న ఆలోచన అలవాటుగా వచ్చి, అడిగేవాళ్ళు లేక అదే పోయింది.

గుమ్మంలో ఆమెను చూసి వియ్యపురాలు కుప్పమ్మ ఒళ్ళోని బిడ్డతోనే లేచింది. "రా వదినా! ఇన్నాళ్ళకు దావ తెలిసిందా నీకు?"

నాగవేణి గడప బయటే నిలబడింది. "అంటుకునేది కాదంట వదినా. డాక్టరమ్మ చెప్పింది."

"అంటుకుంటాదని మేమెప్పుడన్నాం? మీ ఆయనే గదా ఫోన్ చేసినాడు. ఆమెకు దగ్గు, కాన్పు మీరే సూసుకోండి, ఆమె వస్తే ఇంట్లో అమ్మకు జరగదు అని. కూతురి కాన్పుకు రాని తల్లి ఎట్లాంటిదో అనుకున్నా నేను. నిజం చెప్తా ఉండా, తప్పుగా అనుకోవద్దు." కుప్పమ్మ ఆమె ముఖం చూసి గొంతు తగ్గించింది. "సరేలే. ఇదో, ఎత్తుకో. పొద్దున్నుంచి నా చేతులు పీకతా ఉండాయి."

లోపల్నుంచి హేమశ్రీ "అమ్మా" అంటూ వచ్చి, తల్లి భుజానికి నుదురు ఆనించి నిలబడిపోయింది. బిడ్డ వెచ్చగా, నిద్రలో పెదాలు చప్పరిస్తూ ఉంది. నాగవేణికి దగ్గు వచ్చింది. ముఖం పక్కకు తిప్పుకుని దగ్గింది. బిడ్డ ఉలిక్కిపడి, మళ్ళీ సర్దుకుని నిద్రపోయింది. ఎవరూ దూరం జరగలేదు.

గంగాధరం ఫోన్ చేస్తే హేమశ్రీ తీసి తల్లి చెవి దగ్గర పెట్టింది.

"యాడుండావు? అమ్మ కాఫీ కాఫీ అని చంపతా ఉండాది. ఏమన్నారు ఆస్పత్రిలో?"

చెప్పింది. మాత్ర సంగతి చెప్పింది.

"అయితే ఆ మాత్రతో నాకేమన్నా అయితాదా? అడిగినావా?"

"మీకేం కాదు. అవి మీకు రాసిచ్చినవే."

"హమ్మయ్య. సరే, టీబీ కాదు గదా. అయిపోయె. ఇప్పుడు బయల్దేరితే రాత్రి వంటకు వచ్చేస్తావు."

"దగ్గు తగ్గినాక వస్తా."

"ఏందీ? తగ్గేదానికి ఎన్నాళ్ళు పడతాదంట?"

నాగవేణి మనవరాలి పిడికిట్లో తన చూపుడువేలు పెట్టింది. ఆ పిడికిలి గట్టిగా మూసుకుంది.

"మనిషిని బట్టంట," అంది. "నన్ను బట్టి."