మంచి టైం వచ్చేదాకా

ఐదుగురు ముత్తయిదువులకు ముప్ఫై గారెలన్నా ఉండాలని అత్తగారి లెక్క. మనీషా పొద్దున్నే పప్పు రుబ్బి, ఆఫీసు మీటింగ్‌ను మ్యూట్‌లో పెట్టుకుని పులిహోరకు చింతపండు పిసికి కలిపి, మొదటి వాయి నూనెలోంచి తీస్తుండగా ఫోన్ మోగింది. స్కానింగ్ సెంటర్ నుంచి. ఎవరో రాలేమన్నారట. ఇవాళ పదకొండున్నరకు ఖాళీ ఉంది, వస్తారా, లేకపోతే మీకిచ్చిన తేదీ వచ్చే నెలే అంది ఆ అమ్మాయి. ఒక్క నిమిషం ఆగమని మనీషా మంట తగ్గించింది.

పదకొండున్నర అంటే శుక్రవారం రాహుకాలం నట్టనడుమ. పన్నెండున్నరకు ముత్తయిదువులు వాయనాలకు వస్తారు.

ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది మార్చిలో, స్నానం చేస్తుండగా. అప్పుడది బఠానీ గింజంత. ఆ రోజే భర్తకు చెప్పింది. జితేందర్ చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఏనాడో పోట్లాడి వెళ్ళి చూపించుకునేది. "చూపించుకుందువు తియ్, ఈ ప్రాజెక్ట్ రిలీజ్ అయిపోనీ" అని తల నిమిరాడు. రిలీజ్ అయింది. తర్వాత, అమెరికాలో తాముండే ఈ క్యారీ ఊళ్ళోనే కొంటున్న కొత్త ఇంటికి లోన్ రానీ అన్నాడు. లోన్ వచ్చేసరికి హైదరాబాద్ నుంచి అత్తగారు చాముండేశ్వరి దిగారు, దిగుతూ దిగుతూ మూఢాన్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. మూఢంలో కొత్త పని మొదలుపెట్టకూడదట. డాక్టర్ దగ్గరకు వెళ్ళడం కొత్త పనెలా అయిందో అడగబోయి ఊరుకుంది. కారు కొనడానికి ముహూర్తం, తాళాలు తీసుకోవడానికి ముహూర్తం, పాలు పొంగించడానికి ముహూర్తం. ఆఖరికి కొత్త వాషింగ్ మెషీన్‌లో మొదటిసారి బట్టలు వేయడానికి కూడా మంగళవారం వద్దన్నారు. ఉతికేది మాత్రం ఏ వారమైనా మనీషానే.

"పాలగడ్డ అయ్యుంటది, నాకూ అయింది, దానంతటదే కరుగుతది" అని అత్తగారు తేల్చేశారు. ఎప్పుడో పాలు మానేసిన కూతురు ఆద్యకు ఇప్పుడు పన్నెండేళ్ళు.

అయినా వాళ్ళననడం ఎందుకు, తను మాత్రం తక్కువ తిందా? వాయిదా పడ్డ ప్రతిసారీ లోపల చల్లగా అనిపించేది. తెలియనంతకాలం ఏమీ లేనట్టే కదా. ఆద్య పరీక్షలు కానీ, అత్తగారి జెట్‌లాగ్ తీరనీ అని తనూ ఒకటి రెండు కలిపింది. గడ్డకు పంచాంగం లేదు. అది ఇప్పుడు రేగుపండంత అయింది. పోయిన వారం లంచ్ టైంలో ఎవరికీ చెప్పకుండా డాక్టర్ దగ్గరకు వెళితే, ఆవిడ నొక్కి చూసి, స్కానింగ్‌కు రాసిచ్చి, ఇన్నాళ్ళు ఎందుకు ఆగారని అడిగింది. మనీషాకు ఏ కారణమూ ఇంగ్లీషులో చెప్పడం చేతకాలేదు.

ఆ సంగతి ఇవాళ పొద్దున జితేందర్‌కు చెప్పింది. అతను షూ లేసులు కట్టుకుంటూ, "ఏదన్న ఉన్నా ఇప్పుడే బయటపడితే గృహప్రవేశం ఏం సంబురం ఉంటది చెప్పు? అందర్ని పిలిచినం. అదయినంక తెలిస్తే అయిపాయె" అన్నాడు. మెల్లగా, ప్రేమగానే అన్నాడు. ఆమె లంచ్ బాక్స్ మూత పెట్టి చేతికిచ్చింది. తర్వాత గారెలు తడుతున్నంతసేపూ ఆ మాటే చురుక్కుమంటూ ఉంది. సంబురం వాళ్ళందరిదీ, గడ్డ మాత్రం తనొక్కదానిదీనా? ఒళ్ళు మండిపోయింది. భయం కూడా వేసింది.

"హలో, ఉన్నారా?" అంది ఫోన్‌లో అమ్మాయి.

"ఉన్నాను. వస్తున్నాను."

స్టవ్ కట్టేసింది. గిన్నెలో ఇంకా సగం పిండి ఉంది. చేతులు కడుక్కుని కారు తాళాలు తీసుకుంటుంటే, చాముండేశ్వరి పసుపు గిన్నెతో ఎదురొచ్చారు.

"ఎటు పోతున్నవ్ బిడ్డా?"

"స్కానింగ్‌కు అత్తమ్మా. ఇప్పుడే రమ్మన్నరు."

"ఇప్పుడా? రాహుకాలం నడుస్తున్నది."

"ఆ సెంటరున్న మోరిస్‌విల్‌లో సగం మనోళ్ళే కద. రాహుకాలమనే ఎవరో వద్దనుకున్నట్టున్నరు, నాకు దొరికింది."

అత్తగారు నవ్వలేదు. "వాయనాలు ఎవరియ్యాలె మరి?"

"మీరియ్యండి. పులిహోర కలిపిన. గారెలు తక్కువైతే తలా ఒకటి పెట్టండి."

మనీషా చెప్పులేసుకుంది. గుమ్మం దగ్గర చాముండేశ్వరి ఆమె చెయ్యి పట్టుకున్నారు. గట్టిగా కాదు, బతిమాలుతున్నట్టే.

"గంటసేపు ఆగరాదు బిడ్డా. పన్నెండు దాటితే మంచి టైం వస్తది."

మనీషా ఆ చేతిని మెల్లగా విడిపించుకుంది.

"మంచి టైం వచ్చేదాంక నేనుండాలె గద అత్తమ్మా."