అడగకుండా పంపిన సూర్యుడు

ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకు జమ్ములమ్మ పుణెలో ఒక కిరాణా కొట్టు ముందున్న రూపాయి ఫోను దగ్గర నిలబడేది. వనపర్తి హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదివే బిడ్డను అవే ప్రశ్నలు, అదే వరసలో అడిగేది. తలకు నూనె పెట్టినవా. నీళ్లు కాచి ఇస్తుండ్రా. తలుపుకు గొళ్లెం సరిగ పడ్తుందా. మెట్ల మీద పాకుడుందా. వరస తప్పితే ఏదో ఒకటి మరిచిపోతానని, మరిచిన దాని నుంచే కీడు వస్తుందని ఆమె భయం.

"ఈ పరీక్షల నేనే ఫస్టు అమ్మా," అని అర్చన నవ్వేది.

జమ్ములమ్మ, ఆమె మొగుడు వెంకటన్న ధరూర్ దగ్గరి పల్లె విడిచి, ఊరూరా గోడలు కట్టే పనికి తిరగబట్టి పన్నెండేళ్లయింది. ఇటుకలు మోసి మోసి నడుము పడిపోయాక, తాము కట్టిన ఒక ఆఫీసులోనే ఆమె ఊడ్చే పనికి కుదిరింది. అది ఆకాశాన్ని చదివేవాళ్ల ఆఫీసు. శనివారం వచ్చిందంటే అక్కడ పెద్ద పెద్ద రంగుల బొమ్మలు చెత్తబుట్టల్లో పడేవి. ఒకటి నచ్చితే జమ్ములమ్మ దాన్ని రెండు చేతుల్లో పట్టుకొని ఆఫీసు సారు ముందు నిలబడేది. సారు చూసి తల ఊపాకే చుట్టి, టపాలో బిడ్డకు పంపేది.

ఆ బొమ్మలు ఏ గోడకు తగిలిస్తే అక్కడ తమ గుణం చూపేవి. హాస్టల్లో కరెంటు పోతే పిల్లలు పిల్లలకోడి అనే కృత్తిక చుక్కల బొమ్మ వెలుగు కింద చేరి ఎక్కాలు చదువుకునేవాళ్లు. వార్డెన్ సుహాసిని మేడం వాటికోసం పెట్టిన నియమం ఒక్కటే: దీపం పురుగులు వస్తాయి, పిల్లలకోడి దగ్గర అన్నం తినొద్దు.

అన్నిటికంటే జమ్ములమ్మకు నచ్చింది ఎర్ర నీహారిక. నీళ్లలో చిటికెడు కుంకుమ జారవిడిస్తే ఎలా విచ్చుకుంటుందో అలా ఉంటుంది. ఆ ఎరుపు లోపల, అప్పుడే కండ్లు తెరిచిన పసిపిల్లల్లాగా కొత్త చుక్కలు. పంపే ముందు చీపురు చేతిలోనే మరిచి, చాలాసేపు దాన్ని చూసింది. అంతసేపూ భయం గుర్తుకు రాలేదు. గుర్తుకు రాలేదని తెలియగానే మళ్లీ భయమేసింది.

2009లో వానలు ఆలస్యంగా వచ్చి, వచ్చినవి విడువలేదు. "తువ్వాలలు ఆరుతలేవమ్మా, గోడలు చెమ్మ కొడ్తున్నయి," అంది అర్చన దగ్గుతూ. ఆ శనివారమే ఆఫీసులో సూర్యుని బొమ్మ కనిపించింది. మంచం దుప్పటంత ఉంది. నిప్పుల కుంపటిని పైనుంచి చూసినట్టు, అంచుల్లో మంటలు లేచి వంగి మళ్లీ లోపల పడుతున్నాయి. అది బుట్టలో లేదు, బుట్టకు ఆనించి ఉంది. సారు సెలవులో ఉన్నాడు. పోస్టాఫీసు మూసే వేళయింది. బిడ్డ దగ్గు చెవిలోనే ఉంది. జమ్ములమ్మ అడగకుండా తీసుకొని టపాలో వేసింది.

ఆ రోజు నుంచి అన్నం సహించలేదు.

"బుట్టకు ఆనిచ్చి ఉందంటే చెత్తేనే," అన్నాడు వెంకటన్న.

"బుట్టల ఉంటే చెత్త. బయట ఉంటే సొమ్ము."

"అయితే ఏంది? సూర్యుని ఎత్కపోయిందని నీ మీద కేసు పెడ్తరా? రేపు పొద్దు పొడవకపోతే అడుగుతరులే!"

బొమ్మ పంపిన మూడో ఆదివారం ఫోన్లో అర్చన గొంతు హుషారుగా ఉంది. దగ్గు లేదు.

"అమ్మా, సూర్యుని మీద మచ్చ పడింది."

"మచ్చనా? ఎంత?"

"పోయిన వారం ఆవగింజంత. ఇప్పుడు రూపాయి బిళ్లంత. పరేషాన్ గాకు, సూర్యునికి గట్లనే మచ్చలుంటయని మా సైన్స్ సారు చెప్పిండు. మచ్చ ఉన్న కాడ జర వేడి తక్కువంట."

"నీ మంచం ఏడుంది బిడ్డా?"

"సూర్యుని కిందనే! నాది వెచ్చగుంటదని అందరు కుళ్లుకుంటుండ్రు."

జమ్ములమ్మ ఫోను పెట్టేసింది. అడగకుండా తీసిన సొమ్ము మీద మచ్చ పెరుగుతోంది, దాని కింద బిడ్డ పడుకుంటోంది. ఆ రోజే రాయచూరు రైలెక్కింది. అక్కడి నుంచి బస్సు. గద్వాల దాటేటప్పుడు తనకు పేరిచ్చిన అక్కడి జమ్ములమ్మ తల్లికి మొక్కింది. బీచుపల్లి వంతెన కింద కృష్ణ ఎర్రగా, నిండుగా పోతోంది. చుట్టుపక్కలవాళ్లు కిటికీల్లోంచి వంగి చూశారు. ఆమె కళ్లు మూసుకుంది.

వానకు బడి లేదు. పిల్లలంతా హాస్టల్లోనే ఉన్నారు. అది బాడుగకు తీసుకున్న పాత ఇల్లు. రాళ్ల మధ్య మట్టి పెట్టి, పైన సున్నం పూసిన గోడలు.

"ఏంది జమ్ములమ్మా, చెప్పకుండ చెయ్యకుండ?" అంది సుహాసిని.

"బొమ్మ తీస్కపోనీకొచ్చిన మేడం."

ఎవరూ ఏమీ అనకముందే ఆమె గదిలోకి నడిచింది. సూర్యుని ఎదుట పిల్లలు జడలు విప్పి తల ఆరబెట్టుకుంటున్నారు. మచ్చ ఇప్పుడు అరచెయ్యంత అయింది. జమ్ములమ్మ కాగితం మీద చెయ్యి పెట్టింది. అంతటా పొయ్యి మీంచి దించిన గిన్నెలా వెచ్చగా ఉంది. మచ్చ దగ్గర మాత్రం బావి నీళ్లంత చల్లన.

"తియ్యకే అమ్మా, చలి పెడ్తది," అంది అర్చన కొంగు పట్టుకొని.

జమ్ములమ్మ మేకులు ఊడదీసింది. వెనక గోడ ఎండిపోయి తెల్లగా ఉంది. సరిగ్గా మచ్చ ఉన్నచోట మాత్రం నల్లటి చెమ్మ. చూస్తుండగానే ఆ చెమ్మ, గుడ్డ మీద పడిన నూనెలా, నాలుగు దిక్కులా పాకింది.

ఆమె చుట్టిన బొమ్మను చంకలో పెట్టుకుంది. వచ్చిన పని అయింది, పోవచ్చు. కానీ గోడల పని అలవాటుకొద్దీ వేలి కణుపుతో గోడను తట్టింది. గట్టి గోడ ఎముకలా పలుకుతుంది. ఇది అన్నం ముద్దను తట్టినట్టుంది. చెవి ఆనించింది. లోపల మట్టి చిన్నగా జారుతోంది.

ఇన్ని రోజులూ ఈ గోడను సూర్యుడే ఆరబెట్టి పట్టుకొని ఉన్నాడు. ఇక వల్లకాక అతనికి మచ్చ పడింది.

"పిల్లలూ, లేవుండ్రి! పెట్టెలు వసారాలకు తియ్యిండ్రి!"

"ఓనరు మొన్ననే చూసిండమ్మా, ఏం గాదన్నడు," అంది సుహాసిని. "ఇంతమందిని నేనేడ పెట్టాలె?"

"సూర్యుడున్నప్పుడు చూసిండు మేడం. ఇప్పుడొచ్చి చూడమను." ఆమె చేతులు అప్పటికే మంచాన్ని లాగుతున్నాయి. "నేను కట్టిన గోడలు మస్తున్నయి. పడ్డయి గూడ చూసిన. దండం పెడ్త, నన్ను తిట్టుకుంటనైన బయటికి రాండ్రి."

సుహాసిని తనే ఒక పెట్టె ఎత్తుకుంది.

పిల్లలు వసారాలో అన్నం తింటుండగా గోడ పడింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. నానిన మట్టి, అలసిన ముసలిది కూలబడినట్టు, తియ్యకుండా మిగిలిన నాలుగు మంచాల మీద కూర్చుంది. వాటిలో అర్చనది ఒకటి.

ఎవరి చేతిలో ముద్ద వాళ్ల చేతిలోనే ఆగింది. జమ్ములమ్మ పిల్లలను లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. మూడోసారి తలలను ముట్టి లెక్కపెట్టింది.

రెండు రోజులకు హాస్టల్ వేరే ఇంటికి మారింది. ఎర్ర నీహారికను, పిల్లలకోడిని తగిలించాక అర్చన అడిగింది: "సూర్యుని గూడ పెడ్దమా అమ్మా?"

"అడిగి పంపిస్త."

పుణెలో ఆమె బొమ్మను రెండు చేతుల్లో పట్టుకొని సారు ముందు నిలబడింది. అడగకుండా తీసుకున్నానని వచ్చీరాని మరాఠీలో చెప్పింది. సారు బొమ్మ విప్పి చూశాడు. మచ్చ లేదు. ఆయన ఎప్పటిలాగే తల ఊపాడు. జమ్ములమ్మకు అప్పుడు ఆకలేసింది.

ఆదివారం పది గంటలకు ఆమె రూపాయి వేసింది. నూనె, నీళ్లు, గొళ్లెం, పాకుడు. వరస అయిపోయాక కూడా ఫోను పెట్టలేదు.

"ఇంకేందమ్మా?"

"గోడను కొట్టు బిడ్డా. నాకినబడాలె."

అవతల అర్చన నవ్వింది. తర్వాత ఫోను తీగ సాగిన చప్పుడు, చెప్పుల చప్పుడు. జమ్ములమ్మ ఇంకో రూపాయి వేసి, రెండో చెవి మూసుకొని, ఊపిరి బిగబట్టి వింటూ నిలబడింది.

టక్. టక్. టక్.

"ఇంకో గోడ," అంది.