పొడిగుడ్డ

చలికాలంలో కార్లకు పాలిష్ పట్టే పని పగవాడికి కూడా వద్దు. నీళ్లలో చేయి పెడితే ఎముకల దాకా జిల్లుమంటుంది. రేకు చల్లగా ఉంటే పేస్టు సరిగా పట్టదు, కారును షెడ్డులో పెట్టి వెచ్చబడేదాకా కాచుకుని కూర్చోవాలి. ఆ తర్వాత మిషను పట్టుకుని వంగితే, సాయంత్రానికి నా కుడి భుజం నాది కాదు.

ఆ వారం నా ప్రాణం తీసింది డాక్టరమ్మ నల్లకారు. నల్లరంగు ఏ తప్పునూ కడుపులో దాచుకోదు. లైటు పెట్టి చూస్తే ఒంటినిండా సుడిగీతలే. మామూలు వెలుతురులో కనిపించనంత సన్నటి గీతలు, లైటు పడగానే దాని చుట్టూ గుండ్రంగా అల్లుకుంటాయి. మిషనుతో పైపొరను కాస్త అరగదీసి వాటిని పోగొట్టాను. అద్దంలా తేలింది. మా షెడ్డులో ఒక్క కారుకే చోటు. అందుకని రాత్రికి దాన్ని బయట రేకుల పంచన పెట్టి, వరసలో ఉన్న ఎర్రకారును లోపలికి తెచ్చుకున్నాను.

పొద్దున్న లైటు పెట్టి చూద్దును కదా, మళ్లీ గీతలు!

పేస్టును తిట్టాను. గుడ్డలను తిట్టాను. ఆ గుడ్డలు ఉతికిన పాపానికి మా ఆవిడనూ తిట్టాను.

"నా ఉతుకుడుకి వంకలు పెట్టకండి. ముందు మీ కళ్లజోడు మార్చుకోండి" అంది. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

దాన్ని మళ్లీ షెడ్డులోకి తెచ్చి, రోజంతా కూర్చుని పాలిష్ పట్టాను. మందం కొలిచే మీటరు పెట్టి చూస్తే పైపొర బాగా పలచబడింది. ఇంకొక్కసారి మిషను పెడితే అడుగు రంగే లేచొస్తుంది. సాయంత్రం టీ తాగుతూ మా ఆవిడతో చెప్పేశాను.

"నా చేయి పోయినట్టుంది. రేపు పొద్దున ఆ కారు మీద మళ్లీ గీతలు కనిపించాయంటే ఇక ఈ పని మానేస్తాను."

మూల కుర్చీలోంచి మామగారు కల్పించుకున్నారు.

"చేతికేం కాలేదు నాయనా. అలసట, అంతే. రేపు కాస్త ఆలస్యంగా లే."

అత్తగారు పోయాక మామగారు మా దగ్గరికి వచ్చేశారు. బతుకంతా ఒక పెద్ద అధికారి దగ్గర డ్రైవరు. "మా అయ్యగారి కారులా మెరిసే కారు ఊళ్లో ఇంకోటి ఉండేది కాదు" అని రోజుకోసారైనా అనకపోతే ఆయనకు ముద్ద దిగదు. మొదట్లో ఆ మాటకు నవ్వొచ్చేది, ఇప్పుడు అలవాటైపోయింది.

మర్నాడు భుజం పోటుకి తెల్లవారకముందే మెలకువ వచ్చింది. బయటికి వస్తే మంచులో మామగారు. తలకు మఫ్లరు, చేతిలో పాత తువ్వాలు. రాత్రి మళ్లీ పంచన పెట్టిన నల్లకారు బానెట్ మీద పట్టిన మంచునూ, రాత్రంతా దాని మీద పేరుకున్న రోడ్డు దుమ్మునూ కలిపి గుండ్రంగా, శ్రద్ధగా, పసిపిల్లకు ఒళ్లు తుడిచినట్టు తుడుస్తున్నారు.

"మామయ్యా!"

"అప్పుడే లేచావా? నువ్వు అలసిపోయి పడుకున్నావని నేనే తుడిచేస్తున్నా. నిన్న కూడా నేనే తుడిచా. నీకు ఒక పని తగ్గుతుంది కదా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా చేయి పోలేదు. ఆ సంగతి తెలియగానే ప్రాణం లేచొచ్చింది, దాని వెనకే కోపమూ ముంచుకొచ్చింది. తువ్వాలు లాగేసుకుని, చేతిలైటు తెచ్చి బానెట్ మీదికి పట్టాను.

"చూడండి! దుమ్ము మీద పొడిగుడ్డ పెట్టి రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. ముందు గోరువెచ్చటి నీళ్లు పోయాలి. నురగ పట్టించి, మురికి దానంతటదే జారేదాకా ఆగాలి. అప్పుడు మెత్తటి గుడ్డ తడిపి పెట్టాలి. ఆరబెట్టేటప్పుడు కూడా రుద్దకూడదు, అద్దాలి. నేను చచ్చీచెడీ తీసిన గీతలు మళ్లీ మీరే గీస్తున్నారు!"

ఆయన వంగి చూశారు. చాలాసేపు అలాగే చూశారు. తర్వాత తడిచేతులు మఫ్లరు చివరకు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయారు.

బానెట్‌కు మిషను పెట్టే ధైర్యం లేదు. నెమ్మదిగా కడిగి, ఉన్నవాటిలోకెల్లా మెత్తటి పేస్టు తీసుకుని, మధ్యాహ్నం దాకా చేత్తోనే రుద్దుతూ కూర్చున్నాను. చాలావరకు పోయాయి. పోనివి వదిలేసి, ఆ మాట డాక్టరమ్మకు చెప్పేశాను. ఆవిడ బానెట్‌లో ముఖం చూసుకుని, "నాకేమీ కనిపించడం లేదే" అంటూ తాళాలు తీసుకుంది. నాకు సంతోషం కలగలేదు. ఎక్కడైనా కాసేపు నడుం వాల్చాలని మాత్రం ఉంది.

ఇంట్లోకి వెళ్తే, మామగారు భోజనానికి లేవలేదట. మా ఆవిడ చూసిన చూపుకి అక్కడ నిలవలేక మళ్లీ షెడ్డులోకే వచ్చాను.

పొద్దువాలుతుండగా ఆయనే వచ్చారు. ఎర్రకారు మీద లైటు వెలుగుతోంది. దాని మీదా సుడిగీతలే. ఆయన చూపు వాటి మీద పడింది.

"నాయనా, మా అయ్యగారి కారు మీద కూడా ఇలాంటివే ఉండేవంటావా?"

"అబ్బే, ఆ కాలం రంగులు గట్టివి మామయ్యా. వాటికేం కాదు" అన్నాను. నిజానికి ఆ రంగులు వీటికన్నా మెత్తన.

ఆయన నా భుజం మీద చేయి వేశారు. నొప్పి భుజమే. అయినా కదలలేదు.

"ఎండలో ఆపితే బానెట్‌లో మెరిసే సూర్యుడి చుట్టూ వెండితీగలు చుట్టినట్టు ఉండేది. పదిమందినీ పిలిచి చూపించేవాణ్ణి, ఇదంతా నా చేతి చలవే అని. అయ్యగారూ చూసేవారు. ఏనాడూ ఒక్క మాట అనలేదు."

పొద్దున లైటు పట్టి చూపించిన నా చేతిని నరుక్కోవాలనిపించింది.

"ఆ లైటు ఆపేయ్ నాయనా" అన్నారు.

ఆపేశాను.