సబ్బు రాసిన కమాను

కచేరీలంటే నాకు రోత. ఈ మాట అన్నప్పుడల్లా మా అక్కయ్య, "సంగీతం మీద బతికేవాడివి, అలా అనకూడదురా" అంటుంది. నేను సంగీతం మీద బతకడం లేదు, గుర్రపు తోక వెంట్రుకల మీద బతుకుతున్నాను. వయొలిన్ కమానులకు పాత వెంట్రుకలు తీసేసి కొత్తవి కట్టడం నా పని. ముప్పయ్యొక్క ఏళ్ళుగా అదే కొట్టు, అదే బల్ల. కమాను తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళు పాసులు చేతిలో పెట్టి పోతుంటారు, మొహమాటానికి వెళ్తుంటాను. ఒకసారి నా ముందు కూర్చున్నాయన రెండు గంటలసేపు ఫోను నెత్తికి పైన పట్టుకుని రికార్డు చేశాడు. కచేరీ మొత్తం నేను ఆయన ఫోనులోనే చూశాను. ఇంకోసారి స్పీకరు పక్కన సీటు దొరికింది. మూడు రోజులు కుడి చెవిలో ఈల ఆగలేదు. మరోసారి ఒక గాయకురాలు గంటన్నర ఆలస్యంగా వచ్చి, నాలుగు పాటలు పాడి, ఐదోది మమ్మల్నే పాడమని మైకు మావైపు తిప్పింది. సిగ్గులేని జనం, పాడారు కూడా.

చెప్పుకోదగ్గ కచేరీ నా జన్మకి ఒక్కటే. పందొమ్మిదేళ్ళ కిందట, ఒక చిన్న హాల్లో, మధ్యలో కరెంటు పోయింది. జనం లేవబోతుంటే, అప్పటిదాకా వెనక ఎక్కడో కూర్చున్న ముసలి వయొలిన్ ఆయన తన కుర్చీని వేదిక అంచుకి లాక్కుని, ఎవరితో ఏమీ చెప్పకుండా వాయించడం మొదలుపెట్టాడు. కిటికీల్లోంచి వచ్చే సాయంకాలపు వెలుతురు తప్ప ఇంకేం లేదు. కమాను తీగెను గీసుకునే చప్పుడు వినిపించింది. ఆయన ఊపిరి కూడా వినిపించింది. ఐదేళ్ళ మేనకోడలు నా ఒళ్ళో ఉంది, ఇంట్లో దాన్ని పిచ్చుక అంటాం. చప్పట్లు అయ్యాక అది నా చొక్కా పట్టుకుని, "మావయ్యా, నాక్కూడా అలా వచ్చేట్టు చెయ్యి" అంది. మర్నాడే కొట్టులో మూల పడి ఉన్న పిల్లల వయొలిన్ ఒకటి బాగుచేసి దాని చేతికిచ్చి, కమాను లాగడం నేర్పించాను.

అప్పట్నించీ పిచ్చుక వాయిస్తూనే ఉంది. మెడ మీద మచ్చ పడింది, వేళ్ళ చివర్లు కాయలు కాశాయి. చిన్న చిన్న చోట్ల వాయించేది, పిల్లలకి పాఠాలు చెప్పేది. అక్కయ్య యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పని చేస్తుంది. పిల్ల ఎక్కడ వాయించినా సరిగ్గా అదే వేళకి ఆమెకి షిఫ్టు పడేది. కూతురు నలుగురి ముందు వాయిస్తుంటే ఒక్కసారి వినాలి, అంతే ఆమె కోరిక. ఇంకేదీ అడగ్గా నేను వినలేదు.

కిందటి నెల ఒక పెద్ద గాయకుడి బృందంలో పిచ్చుకకి చోటు దొరికింది. పోస్టర్ల మీద ఆయన్ని 'బంగారు గొంతు' అని రాస్తారు, నేనూ అలాగే అంటాను. ఇరవై మంది వయొలిన్ వాళ్ళలో దాన్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. పైగా మూడో పాట మధ్యలో రెండు నిమిషాలు అదొక్కతే వాయించాలట. మొదటి కచేరీ మా ఊళ్ళోనే. అక్కయ్య సూపర్‌వైజరు వెంటపడి సెలవు సంపాదించింది.

నేను దాని కమానుకి కొత్త వెంట్రుకలు కట్టాను. మెలిక ఉన్నదాన్నల్లా ఏరి పారేస్తూ మూడు రోజులు కూర్చున్నాను. వెంట్రుకలు ఎంత మంచివైనా రోజిన్ అనే గట్టి బంక రుద్దకపోతే తీగె మీద జారిపోతాయి, శబ్దం రాదు. రోజిన్ బిళ్ళతో రుద్దిన కమాను వాయిస్తుంటే తీగెల కింద చెక్క మీద తెల్లటి పొడి రాలుతుంది. ముందు రోజు నా చేత్తో నేనే నిండుగా రుద్ది ఇచ్చాను.

కచేరీ ఆటల స్టేడియంలో పెట్టారు. ఎవరో ఒలకబోసిన కూల్‌డ్రింకు వల్ల అడుగు తీస్తే చెప్పు నేలకి అతుక్కుంటోంది. పాప్‌కార్న్ కంపు, చెమట కంపు, ఇంకా ఏదో తెలియని కంపు. వెనక సీటాయన నమలడం నా మెడ దగ్గరే వినిపిస్తోంది. బంగారు గొంతు పొగలోంచి పైకి లేచి వచ్చాడు. ఎగిరాడు, గెంతాడు, వేదిక ఈ కొస నుంచి ఆ కొసకి పరిగెత్తాడు. పాటలో మాత్రం ఎక్కడా ఆయాసం లేదు. అప్పుడే నాకు అనుమానం మొదలైంది.

మూడో పాట వచ్చింది. పెద్ద తెర మీద పిచ్చుక కనిపించింది. అక్కయ్య నా మణికట్టు పట్టుకుంది. వయొలిన్ మోగింది, బ్రహ్మాండంగా మోగింది. కెమెరా దాని చేతి దగ్గరికి, తీగెల దగ్గరికి వెళ్ళింది. తీగెల కింద చెక్క నున్నగా మెరుస్తోంది. ఒక్క రవ్వ పొడి లేదు. కమాను వెంట్రుకలు తడిసినట్టు నిగనిగలాడుతున్నాయి. ముప్పయ్యొక్క ఏళ్ళు ఇదే పని చేసినవాడికి అది చాలు. పిచ్చుక నిజంగా వాయించడం లేదు. మోగుతున్నది ఎవరిదో, ఎప్పుడో రికార్డు చేసింది. స్టేడియం నిండా జనం, వాళ్ళలో ఒక్కడికీ తెలియలేదు.

"విన్నావురా తమ్ముడూ? మన పిచ్చుకేరా" అంది అక్కయ్య. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

"విన్నాను" అన్నాను.

మర్నాడు పొద్దున్నే పిచ్చుక కొట్టుకొచ్చింది. నేను పలకరించలేదు. పెట్టె లాక్కుని కమాను తీసి వేలితో వెంట్రుకలు తడిమాను. జిడ్డు. ముక్కు దగ్గర పెట్టుకుంటే బట్టల సబ్బు వాసన.

"ఎవరు రాశారు?"

"నేనే, మావయ్యా. రిహార్సల్‌లో అందరి చేతా రాయించారు. పొరపాటున తీగె మోగితే మైకుల్లో పడుతుందట."

"ఒక్కళ్ళయినా కాదనలేదా?"

"ఒకతను ఊరుకోకుండా రోజిన్‌తోనే వచ్చాడు. ఇప్పుడతను బృందంలో లేడు."

"పందొమ్మిదేళ్ళు నేర్చుకున్నది సబ్బు రాయడానికా? మీ అమ్మ ఏడ్చిందే. ఎవడో వాయించిన దానికి ఏడ్చింది."

పిచ్చుక బల్ల మీద చెక్కపొట్టు వేలితో ఒక పక్కకి తోసింది. "అమ్మకి చెప్పకు" అంది. "రాత్రంతా ఫ్యాక్టరీ వాళ్ళందరికీ ఫోన్లు చేసి చెప్పుకుంది."

నాకు బంగారు గొంతు మీద అసహ్యం వేసింది. పాప్‌కార్న్ నమిలినవాళ్ళ మీద వేసింది. విన్నానని అబద్ధమాడిన నా మీద ఇంకా ఎక్కువ వేసింది. కత్తెర తీసుకున్నాను. సబ్బు పట్టిన వెంట్రుకలు కడిగినా మళ్ళీ బాగుపడవు, కోసేసి కొత్తవి కట్టాల్సిందే.

పిచ్చుక చెయ్యి అడ్డం పెట్టింది. "కొయ్యకు మావయ్యా. ఇంకా పదకొండు ఊళ్ళున్నాయి."

తిట్టడానికి నోరు తెరిచాను. దాని వేళ్ళ చివర కాయలు చూసి మూసుకున్నాను. ఈ బల్ల దగ్గర కూర్చుని నేను దానికి ఇంకో ఉద్యోగం ఇప్పించలేను.

పై అరలో ఎవరూ కొనని ప్లాస్టిక్ కమాను ఒకటి దుమ్ము పట్టి ఉంది. దాన్ని దించి తుడిచాను. చేతులు కడుక్కునే చోట ఉన్న సబ్బు ముక్క తెచ్చి, వెంట్రుకల మీద ఈ చివర నుంచి ఆ చివరకి, ఎక్కడా వదలకుండా రుద్దాను. ఇలాంటి పని నా చేతులు ఎప్పుడూ చెయ్యలేదు. అయినా నేర్పుగానే చేశాయి, అది ఇంకా రోత పుట్టించింది. మంచి కమాను వెంట్రుకలు కోసేసి, ఉత్త బద్దని మేకుకి తగిలించాను.

"అది ఇక్కడే ఉంటుంది. ఆ పనికి ఇది చాలు" అన్నాను.

పిచ్చుక ప్లాస్టిక్ కమాను అందుకుంది. వయొలిన్ భుజానికి ఆనించుకుని, పొడుగ్గా, నిదానంగా, నేను నేర్పించినట్టే మణికట్టు వదులుగా ఉంచి లాగింది. కొట్టులో దాని ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు.

"బాగా కుదిరింది మావయ్యా" అంది.