ముడత మిరప కావాలి

మిరప ఆకు ముడుచుకుంటే నా చెయ్యి నా మాట వినదు. ముప్పయ్యేళ్ల అలవాటు. కనిపించిందా, పీకీడమే, గోతిలో వేసి కాల్చీడమే. అందుకే ఆ సోమవారం అంత పని చేసీసాను.

మా దీవిలో గరాచర్మ ఊరి అవతల పరిశోధన తోటలో నాకు కూలిపని దొరికి అయిదో రోజు. దోమ దూరని వల కట్టిన గదిలోకి వెళ్తే ఏటుంది, ఇరవై కుండీల్లో మిరప, అన్నీ ముడతే! ఓలమ్మో, మంచి మొక్కల పక్కన ఈ దరిద్రమేటి అనుకుని అన్నీ పీకి కాల్చీసాను. శభాష్ గవరమ్మా అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

సైంటిస్టు కావేరి వచ్చి చూసి, ఖాళీ కుండీల పక్కన కూలబడిపోయింది. ఈ దీవుల్లోనే పుట్టిన పిల్ల, నన్ను ఆంటీ అంటుంది.

"ఆంటీ, అవి నేను కావాలని పెంచిన రోగం మొక్కలు," అంది.

ఏడుపు ఆపుకుంటూనే చెప్పింది. ముడత తెచ్చే వైరస్‌లోంచే చిన్న జన్యువు ముక్క తీసి కొత్త మిరపలో పెట్టిందట. అసలు వైరస్ వస్తే మొక్క దాన్ని గుర్తుపట్టి ముక్కలు చేసీస్తుందట. "తెల్లదోమ రోగం మొక్క మీద వాలి, తర్వాత ఈ కొత్త మొక్కల మీద వాలాలి. రోగమే రాకపోతే ఇవి తట్టుకున్నాయని ఎవరు నమ్ముతారు? రెండు నెలల్లో కమిటీ వస్తుంది. చూపించలేకపోతే పని ఆపేస్తారు."

నాలుగేళ్ల కిందట మా ఊరు తుష్నాబాద్‌లో నా మిరప తోట ఈ ముడతకే పోయింది. ఇప్పుడు ఓడలో వచ్చే మిరపకాయ కొనుక్కు తింటున్నాను. నాలాంటోళ్ల కోసమే ఆ పిల్ల కష్టపడుతుంటే, పోయి పోయి నేనే ఆ పిల్ల నోట్లో మట్టి కొట్టాను.

"ఏడవకు. రోగమే కదా కావాలి? నేను తెస్తాను," అన్నాను.

మర్నాడు సెలవు పెట్టి తుష్నాబాద్‌లో ఇల్లిల్లూ తిరిగాను. "మీ చేలో ముడత మిరప ఉందా?" ఒక్కరూ ఉందనరే! పక్క చేను రామ్‌ప్రసాద్ అయితే "పాగల్ హో గయీ క్యా, దీదీ?" అని, నాకు పిచ్చెక్కిందన్నట్టు నవ్వాడు. మిరపనారు అమ్మే ఎరుకమ్మ ఇంతెత్తున లేచింది. "నా చేలో ముడతుందని ఎవరే చెప్పింది నీకు? ఇక నా నారు ఎవరు కొంటారు?" అంది.

నాకు ఒళ్లు మండింది. కానీ అబద్ధమెందుకు, నేను చేసిందీ అదే. "నా తోటంతా ముడత పట్టే పోయిందే ఎరుకమ్మా. మీరెవరూ చూడకుండా తెల్లారకముందే పీకి పూడ్చీదాన్ని. అడిగినోళ్లకి పురుగు పట్టిందని చెప్పాను. సిగ్గేసి," అన్నాను, వీధంతా వినేలా.

ఎరుకమ్మ నా చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి లాక్కెళ్లింది. అరటిచెట్ల చాటున పద్నాలుగు మొక్కలు, పిడికిళ్లలా ముడుచుకుపోయి ఉన్నాయి. "పట్టుకుపో," అంది. సాయంత్రానికి రామ్‌ప్రసాద్ కూడా తొమ్మిది తెచ్చిచ్చాడు.

వేళ్లతో సహా దోమతెరలో చుట్టి బస్సెక్కాను. కండక్టరు చూసి, "దోమలకీ టికెట్ కొట్టాలా ఆంటీ?" అన్నాడు.

"కొట్టు బాబూ, ఆఫీసు పని మీదే వెళ్తున్నాయి," అన్నాను.

కావేరి వాటి మీదికి తెల్లదోమల్ని వదిలింది. అప్పట్నుంచీ రోజూ ఆ రోగానికి నా చేతుల్తో నీళ్లు పోశాను. పీకీమని చేతులు ఒకటే దురద. వెనక్కి కట్టుకుని తిరిగేదాన్ని. ఇరవయ్యో రోజుకి, పోల్చి చూడ్డానికి వేసిన మామూలు మిరప వరుస ముడుచుకుంది. నలభయ్యో రోజుకి అందులో ఒక్క ఆకు బాగోలేదు. వాటి పక్కనే కొత్త మిరప చక్కగా ఆకులు చాచుకుని, కాయ కాసి నిలబడింది.

కమిటీ వాళ్లు వచ్చి వంగి వంగి చూశారు, ఆకులు పరీక్షకి పంపారు. నాలుగో రోజు కబురొచ్చింది. కొత్త మొక్కల్లో వైరస్ నిలవలేదు! రైతుల చేతికి రావడానికి ఇంకా చాలా పరీక్షలున్నాయట, కానీ పని ఆగదు. "గెలిచాం ఆంటీ!" అని కావేరి నన్ను పట్టుకుని గిర్రున తిప్పీసింది. కబురు విని వచ్చిన ఎరుకమ్మ కంచె బయట, "నా ముడతే గట్టిది, చూశారా!" అని కనబడినోళ్లందరికీ చెప్పుకుంటోంది.

"ఆంటీ, ఇక రోగం మొక్కలు పీకెయ్యండి," అంది కావేరి.

ఎన్నాళ్లకు! కొంగు బిగించి దిగాను. కుండీలు, మామూలు వరుస, అన్నీ రెండు చేతులా పీకీసాను. అదే ఊపులో కొత్త వరుసలోకి వెళ్లాను. ఈ చివర నుంచి ఆ చివరికి ఆకు ఆకూ చూసుకుంటూ నడిచాను. నా చేతులకి అక్కడ పనే దొరకలేదు.