మూడో ఉత్తరం

పై చదువు దరఖాస్తుకి ముగ్గురు ప్రొఫెసర్ల సిఫారసు ఉత్తరాలు కావాలి. రెండు సులువుగానే దొరికాయి. మూడోదాని దగ్గర పిచ్చుకకి తల ప్రాణం తోకకొచ్చింది. చిన్నప్పుడు బక్కగా ఉండేదని ఇంట్లో పెట్టిన పేరది, ఎలా పాకిందో కాలేజీ దాకా పాకింది. గడువు మర్నాడు సాయంత్రం ఐదింటికి. ఆలోగా మూడో ఉత్తరం వెళ్లకపోతే దరఖాస్తు చెత్తబుట్టలోకే, ఇంకో ఏడాది కాచుకోవాల్సిందే.

స్నేహితులంతా విభాగాధిపతినే అడగమన్నారు. ఆయన సంతకానికి బరువెక్కువట. సరేనని వెళ్లింది. ఆయన ఫోన్లోంచి తలెత్తకుండానే, "ఆ నీటి పరీక్షల ప్రాజెక్టు నీదే కదమ్మా?" అన్నారు. కాదు, ఆమెది బస్సుల ఆలస్యాల లెక్క. "ఏదైతేనేం, నువ్వే బాగా రాసి పట్రా. నా పేరుతో పంపించేస్తా" అన్నారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే. కానీ ఆ మాట పైకి అనే స్థితిలో పిచ్చుక లేదు.

ఇంటికొచ్చి, అమ్మ కుట్టుమిషను పక్కనే చతికిలబడి కాగితం తీసింది. 'ఈమె అసాధారణ ప్రతిభ గల విద్యార్థిని' అని రాసేసరికి చెవులు వేడెక్కాయి. కొట్టేసింది. 'ఈమె ఫర్వాలేదు' అని రాసింది. అదీ కొట్టేసింది. సొంత డబ్బా కొట్టుకోవడానికీ ఓ నేర్పుండాలి. అది ఆ అమ్మాయి ఇంటావంటా లేదు.

"ఆయన పేరుతో నువ్వు రాయడమేంటే?" అంది అమ్మ.

"అందరూ అంతేనమ్మా."

అమ్మ మిషను ఆపింది. "కొలతలు తీసుకోనివాడు కుట్టింది తొడుక్కుని ఎక్కడికెళ్తావు? నిన్ను కొలిచినవాళ్లే లేరా అంత పెద్ద కాలేజీలో?"

ఉన్నారు. అదే కదా భయం! ఎర్రసిరా మాస్టారు. గణాంకశాస్త్రంలో ఇరవై తొమ్మిది మార్కులేసి ఆమెని ఫెయిల్ చేసిన మహానుభావుడు. ఆ మరుసటి ఏడాదంతా ప్రతి మంగళవారం పిచ్చుక తన తప్పుల కాగితాలు పట్టుకుని ఆయన గదికి వెళ్లేది. ఎక్కడ తప్పానో చెప్పండి సార్ అంటూ ప్రాణం తీసేది. రెండోసారికి గట్టెక్కింది. అలాంటాయన్ని పొగడమని అడగడం కొరివితో తల గోక్కోవడమేనని స్నేహితులు మొత్తుకున్నారు.

అయినా మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆయన తలుపు తట్టింది. విషయం విని మాస్టారు కళ్లజోడు తీశారు.

"నేను నిన్ను ఫెయిల్ చేశాను. గుర్తుందా?"

"ఉంది సార్."

"దాచను. అదీ రాస్తాను."

అయినా వెనక్కి తగ్గలేదు. "రాయండి సార్. నా తప్పులన్నీ తెలిసింది మీ ఒక్కరికే."

ఉత్తరం విద్యార్థి కంట పడకూడదు గనక, మాస్టారు ఆమెని బయట కూర్చోమని తలుపేసుకున్నారు. బెంచీ మీద పిచ్చుకకి లోపల కాగితాలు నలిపి పారేస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది. పదకొండయింది. భోజనాల వేళ దాటింది. మూడయింది. అయిపోయింది, నా గురించి రాయడానికి ఆయనకేమీ దొరకలేదు అనుకుంది.

నాలుగూ నలభైకి తలుపు తెరుచుకుంది. మాస్టారి వేళ్లనిండా ఎర్రసిరా.

"కంప్యూటర్లో పంపించేశానమ్మా. ఏం రాశానో అడక్కు. ఉత్తరంతో పాటు నింపమన్న ఫారంలో ఒక్క ప్రశ్న మాత్రం తికమక పెట్టింది."

"ఏంటి సార్?"

"ఇంతవరకూ మీరు సిఫారసు చేసిన విద్యార్థుల్లో ఈమెది ఎన్నో స్థానం అని. ఒకటి అని రాశాను."

పిచ్చుక మొహం విప్పారింది.

"మరీ మురిసిపోకు" అన్నారు మాస్టారు. "ఇరవై ఆరేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. నన్ను ఉత్తరం అడిగింది నువ్వొక్కదానివే."

నవ్వాలో ఏడవాలో తెలీక ఆ పిల్ల రెండూ చేసింది. మాస్టారు తుడిచిన కళ్లజోడే మళ్లీ తుడిచారు.

"వందమంది అడిగి ఉన్నా ఆ అంకె మారేది కాదులే" అని, ఆమె మొహం చూడకుండా లోపలికి వెళ్లిపోయారు.