ఒచాన్యా అందుకున్న కథ

నేను బెండకాయలు తరుగుతుంటే మా ఆయన హేమచంద్ర ఫోన్‌లోంచి తలెత్తకుండా అన్నాడు, "శనివారం మా టీమ్ వాళ్ళు లంచ్‌కి వస్తున్నారు. పది మందే. నీకు పెద్ద పనేం కాదులే." ఏది నాకు పెద్ద పనో ఎప్పుడూ ఆయనే చెప్తాడు. గుంటూరులో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పినదాన్ని, ఆస్ట్రేలియాలోని డార్విన్ వచ్చాక వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకు స్నానాలు చేయిస్తున్నాను. ఆ పని మీద నాకు చిన్నచూపు లేదు. "ఇక్కడ నీ శాతవాహనులు ఎవరికి కావాలి?" అని ఆయన నవ్విన నవ్వే ఇంకా గుచ్చుకుంటుంది. ఆ మాట విని అత్తగారు కూడా ఫోన్‌లో నవ్వారు.

అదే శనివారం ఒచాన్యా రమ్మంది. నాతో పనిచేసే నర్సు, నైజీరియాలోని ఇడోమా తెగ అమ్మాయి. ఊళ్ళో ఉన్న తమవాళ్ళంతా ఆ రోజు కలుస్తారట. భోజనం హోటల్ నుంచి తెప్పించుకోమని హేమచంద్రతో చెప్పి, మా పదకొండేళ్ళ అమ్మాయి అపూర్వను తీసుకుని వెళ్ళాను.

హాల్ నిండా ఎరుపు నలుపు చారల బట్టలే. ఆడవాళ్ళు వంటగదిలో ఒకోహో కాస్తున్నారు. ఏదో తీగ బెరడుతో చేసే పులుసట, గరిటె ఎత్తితే జిగురుగా సాగుతోంది. అలవాటుగా నేనూ గరిటె అందుకున్నాను. బయట ఒక పెద్దాయన పిల్లలకు తమ పూర్వీకుల దేశం అపా గురించి ఇంగ్లీషులో చెప్తున్నాడు. యుద్ధాలు, రాజులు, జనాన్ని బెన్యూ నది వైపు నడిపించిన వీరులు. వంశాన్ని కాపాడే పితృదేవతలు, అలెక్వూ.

ఒచాన్యా ఏప్రన్ విప్పి అక్కడికి వెళ్ళి, ఆయన ముందు మోకాలు వంచి అంది, "బాబాయ్, మిగతాది నేను చెప్తాను."

"ఇది మగవాళ్ళు చెప్పే కథమ్మా."

"నడిచినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు కదా."

విత్తనపు దుంపలు మోసినవాళ్ళ గురించి, దారిలోనే పురుడు పోసుకున్నవాళ్ళ గురించి చెప్పింది. పెళ్ళాం తప్పు చేస్తే అలెక్వూ ఇంటి మీద పడతారని తన అమ్మమ్మ జీవితాంతం వణికిందని, తాతయ్యను మాత్రం ఏ దేవతా ఏమీ అడగలేదని చెప్పింది. "అయినా పాటలన్నీ ఆవిడే దాచింది. నాకు అపా దొరికింది ఆ పాటల్లోనే." తర్వాత పాడింది. వంటగదిలోని ముసలమ్మలు ఒక్కొక్కరే గొంతు కలిపారు. పెద్దాయన కాసేపు బిగుసుకుని కూర్చుని, తర్వాత లేచి తన కుర్చీ ఆమె వైపు జరిపాడు.

కారులో అపూర్వ అడిగింది, "అమ్మా, డూ వీ హావ్ స్టోరీస్ లైక్ దట్?"

నా కూతురికి ఒక్కటీ చెప్పలేదు నేను. అమరావతి స్తూపానికి రాళ్ళు దానమిచ్చి, వాటి మీద తమ పేర్లు చెక్కించుకున్న ఆడవాళ్ళ గురించి మొదలుపెట్టాను. ఇల్లు వచ్చినా కారు దిగలేదు.

లోపలికి వెళ్ళేసరికి హేమచంద్ర సోఫాలో ఉన్నాడు. "ఇంత లేటా? గిన్నెలన్నీ అలాగే ఉన్నాయి."

"యూనివర్సిటీలో టీచర్ ట్రైనింగ్‌కి అప్లై చేస్తున్నానండీ. ఇక్కడి స్కూళ్ళలో చరిత్ర చెప్తాను."

"మరి ఇల్లు ఎవరు చూస్తారు?"

"ఇద్దరం ఉన్నాం కదా."

అపూర్వ గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుని, కారులో ఆగిన కథ మళ్ళీ అందుకున్నాను. చాలాసేపటికి వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు, గిన్నె మీద గిన్నె పెట్టిన చప్పుడు వినిపించాయి. లేచి వెళ్ళబోయి ఆగిపోయాను.

"దెన్ వాట్, అమ్మా?" అంది అపూర్వ.